మాత్ర మానకు, మధ్యాహ్నాలు ఒంటరిగా ఉండకు

చెల్లీ, తెనాలి నుంచి ఒడిశాలోని రాయగడ వచ్చి ఇంకా ఏడాది నిండలేదని, డాక్టరు డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ రాస్తే పది రోజులు వేసుకుని మానేశానని రాశావు. అమెరికా వెళ్లినవాళ్లు ఇలా అయ్యారంటే అర్థముంది, పార్వతీపురం దాటగానే వచ్చే ఊళ్లో నాకెందుకీ జబ్బు అని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. ముందు ఆ తిట్లు ఆపు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగవచ్చు, నిజమే. అలాగని మనసు కూడా ఆ రైలు వేళలు చూసుకుని నడవదు. సముద్రం దాటినవాళ్ల కష్టం లోకానికి తెలుస్తుంది. మనకు మాత్రం "దగ్గరే కదా" అన్న మాటే మిగులుతుంది.

నేను ఈ జిల్లాకు కొత్త పెళ్లికూతురిగా వచ్చాను. రాయగడ బజారులో తెలుగు బాగానే వినబడుతుంది కానీ మేమున్న క్వార్టర్లలో ఒక్క తెలుగు గొంతు లేదు. మా ఆయన డ్యూటీకి వెళ్లాక తలుపు వేసుకుంటే మళ్లీ సాయంత్రం తీయడమే. తిండి సయించలేదు, తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, స్నానానికి లేవాలన్నా కొండ ఎక్కినంత పని. ఇంట్లోవాళ్లు పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. మజ్జిగౌరమ్మకు మొక్కారు కూడా. మొక్కుకోవడం తప్పు కాదు, దానితోనే సరిపెట్టుకోవడం వల్ల చాలా కాలం వృథాగా పోయింది. చివరికి విశాఖలో చూపించారు. ఆ డాక్టరు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందు రాశారు.

నాకూ మొదట వికారం, తలనొప్పి వచ్చాయి. ఈ మందులతో చాలామందికి ఇవి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. గుణం మాత్రం 2 నుంచి 4 వారాలకు గానీ మొదలు కాదు, పూర్తిగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు. పది రోజులకు ఏమీ తేలదు తల్లీ. నాకు కాస్త నెమ్మదించగానే మా అత్తగారు "బాగున్నావు కదా, ఇంకా మాత్రలెందుకు, అలవాటైపోతాయి" అన్నారు. ఆ మాట పట్టుకుని ఒక్కసారిగా ఆపేశాను. తల తిరిగింది, ఒంట్లో కరెంటు పాకినట్టు జలదరింపులు వచ్చాయి, కొన్నాళ్లకే మళ్లీ మంచం పట్టాను. అవి ఒక్కసారిగా ఆపినందుకు వచ్చిన తిప్పలు, అలవాటు పడి కాదు. అలవాటు భయం ఆందోళన తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రాజోలామ్ లాంటి మాత్రలకు వర్తిస్తుంది, ఎస్సిటలోప్రామ్‌కు కాదు. బాగైన తర్వాత కూడా కనీసం 6 నెలలు వేసుకుని, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నువ్వు మళ్లీ మొదలుపెట్టేది కూడా డాక్టరును అడిగాకే.

ఇక కౌన్సెలింగ్. ఒడియా రాని నాకు దానివల్ల ఏం లాభం అన్నావు. ఈ ఊళ్లో నేను మొదట వెళ్లిన చోట ఏమడిగినా "భల అఛి" (బాగానే ఉన్నాను) అని చెప్పి వచ్చేదాన్ని. కూరగాయల ధరలు ఒడియాలో బేరమాడగలిగేదాన్ని కానీ గుండెల్లో బరువు చెప్పే ఒడియా నా దగ్గర లేదు. తెలుగులో మాట్లాడే ఆవిడ దొరికాకే నోరు పెగిలింది. ఆవిడ ఓదార్చలేదు, పని చెప్పింది. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీయించి, రోజూ చేసిన పని ఒక గడిలో, అప్పుడు మనసు పదికి ఎంత ఉందో పక్క గడిలో వేయమంది. పడుకున్న మధ్యాహ్నాలకు ఒకటి, రెండు పడేవి. సంతకు వెళ్లి పక్కింటి ఆవిడతో కలిసి గుమ్మడికాయ మోసుకొచ్చిన రోజు ఐదు పడింది. మందు నన్ను మంచం దింపింది, గడప దాటించింది మాత్రం ఆ పుస్తకమే. గోవాలో ఇదే పద్ధతిని వైద్యులు కాని, శిక్షణ పొందిన కౌన్సెలర్లతో 6 నుంచి 8 విడతల్లో చేయించి చూశారు. మామూలు చికిత్సతో పాటు అది చేసినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు ముదిరితే మందు, మాట రెండూ కలిపితేనే మేలు.

ఎక్కడ చూపించుకోవాలో, ఖర్చెంతో విచారించుకోగలవు. జిల్లా ఆసుపత్రిలో అడుగు, బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోను చేసినా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మీ ఆయన ఆఫీసులో తెలిసిపోతుందన్న భయం వద్దు. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

నా దిగులంతా నీ మధ్యాహ్నాల గురించే. మందు పట్టే ఈ కొన్ని వారాలు ఇంట్లో ఒక్కదానివే ఉండవద్దు. 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మొదట్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, నీకు ఇరవై మూడే. అలాంటిది తోస్తే ఆ క్షణమే మీ ఆయనకు చెప్పు, ఆసుపత్రికి వెళ్లు. అమ్మ దగ్గరికి వెళ్లిపోనా అని అడిగావు. వెళ్లు, కానీ మాత్రలు, చీటీ సంచిలో పెట్టుకుని వెళ్లు. అంతకంటే అమ్మనే ఒక నెల ఇక్కడికి రప్పించుకుంటే మంచిది. ఒడియా నేను నేర్చుకున్నాను, నువ్వూ నేర్చుకుంటావు, దానికి తొందరలేదు. ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి, మాత్ర ఏ రోజు మానేశావో, వికారం ఎప్పుడు వచ్చేదో, నిద్ర ఎన్ని గంటలో తెలుగులోనే కాగితం మీద రాసుకుని మీ ఆయన చేత చదివించు.