కొట్టేసిన లైను గురించి

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఆవకాయ ప్రకటన చదివాను. చిరాకేసింది.

ఈథోస్ (చెప్పేవాడి మీద నమ్మకం) అని హెడ్డింగ్ పెట్టి తెల్లకోటు డాక్టరు ఫోటో. పేథోస్ (వినేవాడి మనసు కదిలించడం) అని అమెరికాలో సీసా చూసి ఏడ్చే కొడుకు. లోగోస్ (తర్కం) అని "నూటికి నూరు శాతం స్వచ్ఛం". ఈ మూడూ చెప్పిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్‌ని మూడు వలయాల బొమ్మ కింద కుదించి చెప్పే కోర్సులు బెజవాడలో సందుకొకటి వెలిశాయి. నువ్వు ఎందులో చేరావో అడగను.

కానీ పేజీ అడుగున పెన్సిల్‌తో రాసి కొట్టేసిన లైను ఒకటుంది: "జాడీ మూత తీస్తే పక్కింటివాళ్ళకు ఆకలేస్తుంది." ఈ ఉత్తరం దాని కోసమే. దాన్నెందుకు కొట్టేశావు?

అందులో వాసన అన్న మాట లేదు, రుచి అన్న మాట లేదు. రెండూ చదివేవాడే తెచ్చుకుంటాడు. తనంతట తాను తెచ్చుకున్నదాన్ని ఎవరూ అనుమానించరు. వినేవాడికి ముందే తెలిసిన మెట్టును నోటితో చెప్పక్కర్లేని ఇలాంటి వాదనను అరిస్టాటిల్ ఎంథిమీమ్ అన్నాడు. ఆయనిచ్చిన ఉదాహరణ డోరియస్‌ది. డోరియస్ ఒలింపియాలో గెలిచాడంటే చాలు, బహుమతి కిరీటమని చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలుసు. తన పుస్తకం "రెటరిక్" మొదట్లోనే ఆయన తనకు ముందు రాసినవాళ్ళ మీద విసుక్కుంటాడు. ఒప్పించే విద్యకు అసలు శరీరం ఎంథిమీమే అయితే, దాన్ని వదిలేసి న్యాయనిర్ణేతలను ఏడిపించడం, రెచ్చగొట్టడం మీద పడ్డారని. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు విసుగు అది. నాకు ఇక్కడ రోజూ వస్తుంది.

గుంటూరులో "తేజ మిర్చి కారం" అను, ఆగు. మిర్చి యార్డు ఉన్న ఊరికి మంట గురించి నువ్వు చెప్పేదేంటి? అదే సీసా ఢిల్లీలో అమ్మితే తేజ అంటే ఏంటో చెప్పక తప్పదు. ఏది వదిలెయ్యాలో తెలియాలంటే కొనేవాళ్ళకు ఏం తెలుసో తెలియాలి. బ్రాడీపేటలో నీ ఆవకాయ అమ్మే ఆ షాపు దగ్గర ఓ సాయంత్రం నిలబడు. సీసా చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందు ఏం చూస్తున్నారు, నూనె తేలిందా అనా, ముక్క గట్టిగా ఉందా అనా? నీ ప్రకటన అక్కడ మొదలవ్వాలి.

నేను కుర్రాడిగా గవర్నర్‌పేటలో ఒక ఏజెన్సీలో ఉన్నప్పుడు పట్టుచీరల షాపుకి రాశాను: "అక్క పెళ్ళికీ ఇక్కడే కొన్నాం." అంతే, చుట్టూ తెల్లకాగితం. "ఖాళీకి కూడా డబ్బు కట్టాలా?" అన్నాడు షాపాయన. ఆయన నోరు మూసేలోపే మా మేనేజరు తలూపేశాడు. మర్నాడు పేపర్లో చూస్తే వినాయకుడు, పూర్ణకుంభం, ఫోన్ నంబర్లు, "త్వరపడండి". నా లైను నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. కాలమ్ సెంటీమీటరుకి రేటు కట్టే వ్యాపారంలో ఖాళీ అంటే దండగ. ఇప్పుడు రీల్స్ చేసేవాళ్ళదీ అదే జబ్బు, అర సెకను మౌనం ఉంటే మ్యూజిక్ పోసేస్తారు.

ఇక ఆ డాక్టరు. మాట్లాడేవాడి మీద నమ్మకం అతనికి ముందే ఉన్న పేరు వల్ల కాదు, చెప్పే మాటల్లోంచే పుట్టాలని అరిస్టాటిల్ స్పష్టంగా రాశాడు. "ఈ ఏడు కాయ పులుపు కాస్త తక్కువ" అని లేబుల్ మీద ఒప్పుకునే షాపు దగ్గర నేను కొంటాను. నిజమైతేనే రాయి సుమా.

ఏడ్చే కొడుకుని కూడా తీసెయ్. కోపం గురించి చెప్పేటప్పుడు అది ఏ స్థితిలో ఉన్నవాడికి, ఎవరి మీద, ఎందుకు వస్తుందో "రెటరిక్" రెండో భాగంలో విడదీసి చూపిస్తాడాయన. నీ కొడుకు ఎందుకు ఏడుస్తున్నాడో నీకే తెలియదు.

ఉద్యోగమా, ఫ్రీలాన్సా అని అడిగావు, జీతాల సంగతీ అడిగావు. అవి ఇంకోసారి. ముందు ఆ లైను ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి, కింద షాపు పేరు పెట్టి చూపించు. షాపాయన ఒప్పుకోకపోతే నా దగ్గరకు తీసుకురా, ఆయనతో గొడవ నేను పడతాను.