మూకుడు ముందట కూసునే ముందు

బిడ్డా,

సంక్రాంతికి హన్మకొండల సకినాలు చేసి అమ్ముతా అంటున్నవట, మీ అమ్మ ఫోన్ల చెప్పింది. శాన సంతోషమైంది. నీ చుట్టు ఎంత సన్నగ, గుండ్రంగ వస్తదో నాకెరుకే. కానీ రాత్రి నిద్ర పట్టలే. పండుగకు ఇంట్లకు చేసుకునుడు వేరు, పొద్దందాక కాగిన నూనె ముందట కూసునుడు వేరు.

చుట్టిన సకినం బట్ట మీద ఆరినంకనే నూనెల వెయ్యి, తడి ఉంటే పేలుతది. చున్నీ నడుముకు కట్టుకో.

నూనె చిట్లితే ఆ జాగ మంచిగ చూడు. మంట ఉండి బొబ్బ లేకుంటే పైపైదే, వారంల మానుతది. మనది చామనఛాయ, ఎరుపు సరిగ్గ కనవడకపోవచ్చు. ముట్టుకుంటే వేడిగ, ఉబ్బినట్టు ఉంటది. బొబ్బ లేచి తడితడిగ ఉంటే ఇంకొంచెం లోపలికి పోయినట్టు, 2, 3 వారాలు పడ్తది. బొబ్బను చిదపకు. పొద్దున ఎర్రగున్నదే రాత్రికి బొబ్బ కావచ్చు, మర్నాడు గూడ చూసుకో.

మీ అమ్మమ్మకు షుగర్ ఉండె. పొయ్యి మీదికెళ్లి నీళ్ల బోగాణి దించుతుంటే పాదం మీద ఒలికినయి. "నొప్పే లేదు, తియ్యిండ్రి" అని నెయ్యి రాసి, గుడ్డ చుట్టుకోని వడ్లు ఎండబోసుకుంట తిరిగింది. నొప్పి లేదంటే అందరం నిమ్మళమైనం. షుగర్‌తోని కాళ్లల్ల నరాలు మొద్దుబారుతయని, తోలు లోతుగ కాలితే నొప్పి తెలువదని ఇంట్ల ఎవ్వరికి తెలువది. గుడ్డ విప్పేసరికి పాదం మీద తోలు మైనం లెక్క తెల్లగ, గట్టిగ అయి, అంచులకు చీము పట్టి ఉన్నది. దవాఖానల తొడ తోలు తీసి అతికిచ్చిండ్రు. మళ్ల పొలం గట్టు ఎక్కలే మా అమ్మ.

తెల్లగనో, గోధుమ రంగుకో తిరిగి నొప్పి లేకుంటే సంబురపడకు, దవాఖానకు ఉరుకు. మొఖం, చేతులు, పాదాలు, కీళ్ల మీద బొబ్బలొచ్చినా, నీ అరచెయ్యి కంటె పెద్దగ కాలినా అంతే. 108కి ఫోన్ చేసుడుకు మొగమాటపడకు.

కాలంగనే ఉంగరం, గాజులు తీసెయ్యి, వాచినంక రావు. నల్లా కింద 20 నిమిషాలు పెట్టు. మంట సల్లారిందని నడుమల తియ్యకు. ఐసు వద్దు, పేస్టు వద్దు, నెయ్యి అసలే వద్దు. పుండుకు అతుక్కపోని శుభ్రమైన బట్ట వదులుగ కప్పు.

ఇప్పుడు మీ అమ్మకు గూడ షుగరే. సాయం చేస్తనంటే పిండి కలుపుడు, చుట్టుడు అప్పజెప్పు. మూకుడు దగ్గరికి మాత్రం రానియ్యకు, ఎంత కొట్లాడినా సరే.

నీ పెద్దమ్మ