తలగడ పక్కన సంచి

ప్రశ్న: మా అత్తగారిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని కాశీ వెళ్తున్నాం. థర్డ్ ఏసీలో రెండు రాత్రుళ్లు. అత్తగారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు, మోకాళ్ల నొప్పులు కూడా. తలా ఒకటి చెబితే అన్నీ సర్దాను, నాలుగు పెట్టెలయ్యాయి. నిజంగా పనికొచ్చే చిన్న వస్తువులేవో చెప్పండి.
– ఒక పాఠకురాలు, కొళత్తూరు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ పెట్టెలు కాశీలో గది చేరేదాకా తెరవక్కర్లేకుండా సర్దుకోండి. రైల్లో కావలసినవన్నీ ఒక్క గుడ్డసంచిలో పట్టాలి, ఆ సంచి రాత్రి అత్తగారి తలగడ పక్కన ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మధ్య బెర్తు వేసుకునే హక్కు ఆ బెర్తు వాళ్లది. అది వేశాక కింద పడుకున్న పెద్దావిడ నడుం నిలిపి కూర్చోలేరు. దీపాలార్పేసిన బోగీలో బెర్తు కింద నుంచి పెట్టె లాగి మాత్రలు వెతకడం ఎవరికైనా నరకమే. నేను ఏది సర్దినా ఒకటే ఆలోచిస్తాను: ఇది ఏ వేళకు కావాలి, అప్పుడు పడుకుని చేయి చాపితే అందుతుందా?

ఆ సంచిలో ముందు చేరాల్సింది ఇన్సులిన్. వాడుతున్న పెన్ను 30 డిగ్రీలు దాటని చోట ఉంటే చాలా రకాలు ఫ్రిజ్ లేకున్నా నాలుగు వారాలు ఆగుతాయి. మీ రకం ఎన్నాళ్లు ఆగుతుందో డబ్బాలోని కాగితంలో చూడండి. కొత్త పెన్నులుంటే వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు నీళ్లు కాసేపు పోసి, పారబోసి, తడి లేకుండా తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టండి. ఐసు మీదే పెడితే మాత్రం గడ్డకట్టి పాడవుతుంది. వాడిన సూదులకు మూత గట్టిగా పట్టే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి.

దాని పక్కనే పంచదార పొట్లం. షుగరు మనిషికి ప్రయాణంలో తీపి ఎందుకని తీసేస్తారు, అది చాలా ప్రమాదం. రైల్లో భోజనం ఆలస్యమవుతుంది, సూది మాత్రం వేళకే పడుతుంది. అర్ధరాత్రి చెమటలు పట్టి చేతులు వణికితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకు మళ్లీ షుగరు చూడండి. మిషన్ కూడా ఆ సంచిలోనే. ఈ రెండూ ఎక్కడున్నాయో మీ పెద్ద పిల్లకు కూడా చూపించి ఉంచండి.

పిల్లలకు ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్టును అర లీటరు సీసాలో అందాజుగా కలపొద్దు, పాళ్లు తప్పితే మేలు కన్నా కీడే ఎక్కువ. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు మందుల షాపులో అడగండి. ఓఆర్ఎస్ అని పేరేసుకున్న తియ్యటి జ్యూసు డబ్బాలు అసలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఆ మాట రాయకూడదని ఆదేశించింది. ఆవిడ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

మోకాళ్లకు చిన్న అమృతాంజనం డబ్బా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టింది. అది చేతిలోకి తీసుకుంటే మనవాళ్లెవరో పక్కనున్నట్టే ఉంటుంది నాకు.

టర్కీ తువ్వాళ్లు తీసేయండి. తడిస్తే బరువు, ఆరవు. పలచటి ఈరోడ్ నూలు తుండ్లు మనిషికొకటి చాలు. గంగలో మునిగొచ్చి తుడుచుకుని కాస్త గాలికి పెడితే ఆరిపోతుంది. దానితో పాటు దండేనికి నైలాన్ తాడు, తడిబట్టలకు రెండు గట్టి కవర్లు. పిన్నీసులు సంగతి మీకు చెప్పాలా! తాళిగొలుసుకు రెండు ఎప్పుడూ ఉంటాయిగా, ఇంకో నాలుగు తగిలించండి. దుప్పటి తెరలా కట్టాలన్నా, తెగిన సంచి పట్టీకైనా అవే దిక్కు.

మా వారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసినవారు. రైలెక్కగానే వంగి, కింది బెర్తు అడుగున గొలుసు కట్టుకునే రింగు ఉందో లేదో చూస్తారు. మీరూ చూడండి. సన్నటి గొలుసు, తాళం మన చెన్నై ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో చవకే. ఇంకేం కొనొద్దు.

ప్రశ్న: షోళింగనల్లూరులో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా మాధవరం నుంచి రాత్రి బస్సులో ఒంగోలు వెళ్తాను. ఏసీ చలికి, హారన్లకు నిద్ర ఉండదు. మెడకు దిండు కొననా?
– ఒక పాఠకుడు

జవాబు: స్లీపర్ అయితే ఆ దిండు దండగ బాబూ. కూర్చునే బస్సయితే కొను, కానీ మందంగా ఉన్న వైపు గడ్డం కిందకు తిప్పుకో. తల వాలేది ఎక్కువగా ముందుకే. నీకు నిజంగా కావలసినవి చెవులు మూసే టోపీ, మేజోళ్లు, చెవిలో పెట్టుకునే స్పాంజి ముక్కలు. వాటిని ఊరికే దోపితే నిలవవు. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైకి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకో. దిగే చోటికి ముందే మోగేలా ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకుని చొక్కా జేబులో ఉంచుకో. బైపాస్ మీద చీకట్లో దింపితే ఇబ్బంది పడకుండా బొటనవేలంత టార్చి కూడా.

ప్రశ్న: మొదటిసారి అమెరికా, డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి ఒంటరిగా వెళ్తున్నాను. చేతిసంచిలో ఏం పెట్టుకోవాలి?
– ఒక తల్లి, పెరంబూరు

జవాబు: అక్కయ్యా, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వేయనివ్వరు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, పరిమితి 100, కనుక భయం లేదు. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోకి. ఎండుకొబ్బరి ఆ పెట్టెలో వేయకండి, నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకోగలదని నిషేధించారు. మందులు అసలు అట్టల్లోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. కాళ్లు వాస్తాయి, వదులు చెప్పులు వేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఒక కాగితం. అబ్బాయి పేరు, చిరునామా, ఫోను నంబరు, విమానం మారే ఊరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించి రెండు ప్రతులు చేయండి. ఒకటి పాస్‌పోర్టులో, ఒకటి జాకెట్టులో. నంబరుకు ముందు అమెరికా కోడు +1 ఉండాలి, మర్చిపోకండి.