కెనడాలోని నునావుట్ నియోజకవర్గం ఎలా ఏర్పడింది?

కెనడా ఉత్తరాన ఉన్న వాయవ్య భూభాగాలు (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) అనే ప్రాంతానికి పార్లమెంటులో ఒకప్పుడు ఒకే సీటు. దాన్ని రెండుగా చీల్చి, తూర్పు భాగానికి 'నునాట్సియాక్' అని పేరు పెట్టారు. 1979లో అక్కడి నుంచి గెలిచిన పీటర్ ఇట్టినువార్ కెనడా పార్లమెంటులో తొలి ఇన్యుయిట్ (ఆర్కిటిక్ ప్రాంత ఆదివాసీ) సభ్యుడు. 1997 ఎన్నికల నాటికి పేరు నునావుట్‌గా మారింది. తమాషా ఏమిటంటే, ఆ పేరుతో ప్రత్యేక భూభాగం ఏర్పడింది 1999లో!

విస్తీర్ణం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో సుమారు మూడింట రెండు వంతులు. జనాభా మాత్రం 2021లో 36,858. అత్యధికులు ఇన్యుయిట్లే. ఉన్న 25 ఊళ్లను కలిపే రోడ్డు ఒక్కటీ లేదు. ఉత్తర కొసన ఉన్న గ్రీస్ ఫియర్డ్‌లో నూటయాభై మంది కూడా ఉండరు. అక్కడ ఓట్లడగాలన్నా విమానం ఎక్కాల్సిందే.