వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌ని సోర్స్ నుంచి సొంతంగా బిల్డ్ చేస్తే అందులో ఎక్స్‌టెన్షన్లు ఎందుకు దొరకవు? డెబ్ ప్యాకేజీ (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) ఎలా చేసుకోవాలి?

మీ బిల్డ్‌లో తప్పేం లేదు. గిట్‌హబ్‌లో ఎంఐటీ లైసెన్సుతో ఉన్న సోర్స్‌ని బిల్డ్ చేస్తే వచ్చేది 'కోడ్ ఓఎస్ఎస్'. మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్‌కి ఇచ్చే వీఎస్ కోడ్ అంటే అదే సోర్స్‌కి తన లోగో, టెలిమెట్రీ (వాడకం వివరాలు సేకరించే ఏర్పాటు), మార్కెట్‌ప్లేస్ (ఎక్స్‌టెన్షన్లు దొరికే చోటు) చిరునామా కలిపి వేరే లైసెన్సుతో వదిలేది. మీ సోర్స్‌లోని ప్రోడక్ట్ డాట్ జేసన్ ఫైల్ తెరిచి చూడండి, 'ఎక్స్‌టెన్షన్స్ గ్యాలరీ' అన్న భాగమే కనబడదు. అక్కడ మైక్రోసాఫ్ట్ చిరునామా అతికిస్తే పని నడుస్తుంది గానీ మార్కెట్‌ప్లేస్ షరతులు ఒప్పుకోవు. ఇదే సోర్స్‌తో వేరే బిల్డ్ ఇచ్చే వీఎస్‌కోడియం వాళ్లలా, అందరికీ తెరిచి ఉన్న ఎక్స్‌టెన్షన్ల నిలయం ఓపెన్ వీఎస్ఎక్స్ చిరునామా పెట్టుకోవడమే మేలు.

ఇక ప్యాకేజీ సంగతి. రిపో (సోర్స్ ఉన్న ఫోల్డర్) లోని డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ ఫైల్లో రాసిన నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షనే వాడండి. అర్థం కాని ఎర్రర్లు చాలావరకు అక్కడే పుడతాయి. కావాల్సిన లైబ్రరీలు తెచ్చే 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' కమాండ్ పూర్తయ్యాక, బిల్డ్ పనులు నడిపే గల్ప్ అనే టూల్‌తో 'వీఎస్‌కోడ్-లినక్స్-ఎక్స్64' టాస్క్ నడపండి. ఓపిక పట్టండి, ర్యామ్ తక్కువైతే మధ్యలో చతికిలబడుతుంది. ఫలితం రిపో లోపల కాదు, దాని పక్కన కొత్త ఫోల్డర్‌లో పడుతుంది. లోపల వెతుక్కుంటూ కూర్చోకండి! తర్వాత అదే టాస్క్ పేరు చివర ఒకసారి '-ప్రిపేర్-డెబ్', ఆపైన ఇంకోసారి '-బిల్డ్-డెబ్' తగిలించి రెండు టాస్క్‌లుగా వరసగా నడిపితే డెబ్ ఫైల్ మాత్రం రిపోలోని డాట్ బిల్డ్ ఫోల్డర్‌లో తయారవుతుంది.