వేలంలో పాత రెవెన్యూ స్టాంపు: ఎంత దగ్గర ఆగాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. నా వయసు 46 ఏళ్లు. అమెరికా పాత రెవెన్యూ స్టాంపులు సేకరించడం నా అలవాటు. త్వరలో న్యూయార్క్‌లో జరిగే ఒక వేలానికి 1871 నాటి 500 డాలర్ల ‘పర్షియన్ రగ్’ స్టాంపు వస్తోంది. దానికి 12,000 డాలర్ల వరకు పెట్టాలనుకుంటున్నాను. బ్యాంకులో 55,000 డాలర్లు ఉన్నాయి, నెల ఖర్చు 7,000 డాలర్లు. ఆ సొమ్ము కదపకుండా ఐఆర్‌ఏ ఖాతా (పదవీ విరమణ కోసం దాచుకునే పొదుపు ఖాతా) నుంచి గానీ, ఇంటి మీద క్రెడిట్ లైన్ (ఇంటిని హామీగా పెట్టి అవసరం మేరకు వాడుకునే అప్పు) తీసుకుని గానీ కొనవచ్చునా? ఇది కూడా బంగారంలాంటి పెట్టుబడేనని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: కొనవచ్చు, కానీ ఆ రెండు దారుల్లోనూ వద్దు. మీరు పాడవలసిన గరిష్ఠ మొత్తం కూడా 12,000 కాదు, 9,000 డాలర్లు. ఇది పెట్టుబడి అన్న మాటను మాత్రం మనసులోంచి తీసివేయండి.

మనవైపు ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టించేది ఆ స్టాంపు మళ్లీ ఎక్కడా పనికిరాకుండా చేయడానికే. మీరు కోరుకుంటున్న స్టాంపు వెనుక ఉన్నదీ అదే బెడద. అంతర్యుద్ధం ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం 1862లో దస్తావేజుల మీద స్టాంపు పన్ను విధించగా, కొందరు వాడిన స్టాంపుల మీది సిరాను కడిగివేసి మళ్లీ అంటించసాగారు. అందుకు విరుగుడుగా 1871లో పట్టు పోగులు కలిపిన ప్రత్యేకమైన కాగితం మీద రెండవ శ్రేణి స్టాంపులను ఫిలడెల్ఫియాలో జోసెఫ్ కార్పెంటర్ అచ్చు వేశాడు. ఆ శ్రేణిలో అత్యధిక విలువ గలది మీరు చెప్పిన 500 డాలర్ల స్టాంపు. నడుమ వాషింగ్టన్ బొమ్మ, చుట్టూ తివాచీని తలపించే అల్లిక ఉన్న ఈ స్టాంపులు జారీ అయినవే 204. కనుక అరుదైనదన్న విషయంలో సందేహం లేదు. అయితే అరుదైన వస్తువుకు కొనుగోలుదారులు కూడా అరుదే. బంగారాన్ని ఏ ఊళ్లోనైనా ఆనాటి ధరకు అటూ ఇటూగా అమ్ముకోవచ్చు గానీ, ఈ స్టాంపును అమ్మాలంటే మళ్లీ వేలం వచ్చేదాకా ఆగి, ఆ రోజున దాన్ని కోరుకునేవారు కనీసం ఇద్దరు పోటీకి రావాలని ఎదురుచూడాలి.

లెక్క చూద్దాము. సుత్తి దెబ్బ, అంటే పాట ముగిసిన ధర, 10,000 డాలర్ల దగ్గర పడిందనుకోండి. కొనుగోలుదారు ప్రీమియం, అంటే వేలం సంస్థ కొన్నవారి దగ్గర అదనంగా తీసుకునే రుసుము, 18 శాతం అనుకుంటే (మీ వేలం షరతులలో అసలు రేటు చూసుకోండి) అది 11,800 అవుతుంది. దాని మీద న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం కలిపితే సుమారు 12,582 డాలర్లు. పార్సిల్ ఖర్చు, రవాణా బీమా ఇంకా కలపలేదు. అదే స్టాంపును మరునాడే మరో వేలానికి ఇచ్చి, వారికి పది శాతం కమీషన్ ఇవ్వవలసి వస్తే, మీ 12,582 మీకు తిరిగి రావడానికి సుత్తి దెబ్బ దాదాపు 13,980 దగ్గర పడాలి. అంటే లాభం మాట అటుంచి, పెట్టిన సొమ్ము చేతికి రావాలన్నా ధర 40 శాతం పెరగవలసిందే. మీ బావమరిదికి ఈ ఒక్క అంకె చూపించండి.

అందుకే లెక్క వెనుక నుంచి మొదలుపెట్టాలి. మీ చేతినుంచి వెళ్లే మొత్తం 12,000 దాటకూడదంటే, ప్రీమియం, పన్ను తీసివేశాక సుత్తి ధరకు మిగిలేది సుమారు 9,537 డాలర్లు. ఆ స్థాయిలో పాట 500 చొప్పున పెరిగేట్లయితే 9,500 కూడా పాడవచ్చు గానీ, అప్పుడు మిగిలేది 50 డాలర్ల లోపే. 9,000 దగ్గర ఆగితే రవాణాకూ, స్టాంపు అసలుదో కాదో నిపుణులు చూసే పరీక్ష రుసుముకూ కలిపి దాదాపు 675 డాలర్లు ఉంటాయి. ఈ అంకెను ముందుగానే రాతపూర్వకమైన బిడ్‌గా పంపండి. సాధారణంగా వేలం సంస్థ మీ తరఫున పోటీదారు కంటే ఒక్క మెట్టు పైవరకే పాడుతుంది, మీ గరిష్ఠ మొత్తాన్ని ఊరికే వసూలు చేయదు. సమానమైన బిడ్లు వస్తే ముందు అందినదానికే ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి ఎక్కువ గనుక, ఆఖరి రోజు దాకా ఆగవద్దు. పాట జరిగే గంటలో కంప్యూటరు ముందు కూర్చోకపోవడమే మేలని నా అభిప్రాయం.

ధర కంటే ముఖ్యమైనది స్టాంపు స్థితి. ఆ రోజుల్లో స్టాంపును రద్దు చేయడానికి కలంతో రాయడమే కాక, బ్లేడులాంటి పనిముట్టుతో కోతలు పెట్టే పద్ధతి కూడా ఉండేది. ఆ కోతలను వెనుకవైపు నుంచి అతికించి, పైకి కనబడకుండా చేసినవీ, కలం గీతలను రసాయనంతో పోగొట్టి వాడనివిగా అమ్మేవీ ఉంటాయి. వేలం వివరణలో ‘సీల్డ్ కట్’ (అతికించిన కోత), ‘స్మాల్ ఫాల్ట్స్’ (చిన్న లోపాలు) అన్న మాటలుంటే అవి లాంఛనంగా వేసిన మాటలు కావు, ధరను బాగా తగ్గించేవి. స్టాంపు వెనుకవైపు ఫొటో తప్పక అడగండి. స్టాంపులను పరీక్షించి అసలువో కాదో చెప్పే ఫిలాటెలిక్ ఫౌండేషన్ లేదా అమెరికన్ ఫిలాటెలిక్ సొసైటీ ధ్రువపత్రం ఇటీవలిది లేకపోతే, పరీక్ష ఫలితానికి లోబడి కొంటానన్న షరతు పెట్టండి. ఆ కోరిక వేలానికి ముందే అందాలి, పాడుకున్నాక అడిగితే వినరు. ధర విషయంలో స్టాంపుల కేటలాగు పుస్తకంలో అచ్చువేసిన విలువను నమ్ముకోకుండా, సీగెల్ వంటి స్టాంపు వేలం సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉంచిన పాత వేలం ధరలలో ఇదే స్థితిలోని స్టాంపు ఎంతకు పోయిందో చూడండి.

ఇక సొమ్ము విషయం. ఐఆర్‌ఏ డబ్బుతో స్టాంపులు కొంటే చట్టం దాన్ని ఆ ఖాతాలోంచి మీరు సొమ్ము తీసుకున్నట్లే లెక్కిస్తుంది. ఆదాయపు పన్నుతోపాటు, మీ వయసుకు సాధారణంగా పది శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. క్రెడిట్ లైన్ సొమ్మును ఇంటి కోసం వాడడం లేదు గనుక దాని వడ్డీని పన్నులో తగ్గించుకునే వీలులేదు. ఆరు నెలల ఖర్చుకు 42,000 పక్కన పెట్టినా బ్యాంకులో 13,000 మిగులుతున్నాయి కదా, వాటితోనే కొనండి.

ఏడాది దాటాక లాభానికి అమ్మితే, సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను షేర్లకు లాగా 15 లేదా 20 శాతం దగ్గర ఆగదు, 28 శాతం వరకు వెళ్లవచ్చు. ముచ్చటపడి కొన్నదాని మీద నష్టం వస్తే మాత్రం దాన్ని పన్నులో చూపుకోవడానికి వీలుండదు. ప్రీమియం, అమ్మకపు పన్ను కూడా మీ కొనుగోలు ఖరీదులోకే వస్తాయి గనుక ఇన్వాయిస్ జాగ్రత్త చేయండి. ఇంటి బీమా చాలా పాలసీలలో స్టాంపులకు చాలా తక్కువ పరిమితితో వర్తిస్తుంది. కాబట్టి పార్సిల్ రాకముందే విడిగా బీమా చేయించి, ఇన్వాయిస్, ధ్రువపత్రం, అమ్మవలసి వస్తే ఎవరిని సంప్రదించాలో రాసిన కాగితం మీ ఇంట్లో వారికి తెలిసిన చోట ఉంచండి.