పదో వచనం చదివాకే పదకొండోది

బాబూ,

ప్రభువు కృప నీకు తోడై ఉండాలి. జూన్ నుంచి ఆ పల్లె సంఘాన్ని నీకు అప్పజెబుతున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి పిల్లవాడు వాక్యం చెప్పడానికి నిలబడుతున్నాడంటే గర్వంగా ఉంది. ఆ వెనకే భయమూ పట్టుకుంది. నీకు మంచి గొంతుంది, మాట తడబడదు, నవ్వించగలవు, ఏడిపించగలవు. నా భయమంతా దాని గురించే. మాట రానివాడు భయంతోనైనా చదువుకుంటాడు. మాటకారి మొదటి రెండేళ్ళు కాలేజీ నోట్సుతో నెట్టుకొస్తాడు. మూడో ఏడు అవే తిప్పి చెబుతాడు. ఆ తర్వాత యూట్యూబ్‌లో విన్నవి చెబుతాడు. పాస్టరుగారిని ఎవరూ ఏమీ అనరు కాబట్టి తనకే తెలియకుండా ఎండిపోతాడు.

ప్రార్థన గురించి నీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మ నేర్పింది. బైబిలు వరసగా చదవడం మాత్రం ఆపకు. మొత్తం 1,189 అధ్యాయాలు. ఆదివారాలు వదిలేసి రోజుకు 4 చదివినా ఏడాది తిరక్కముందే పూర్తవుతుంది. ప్రసంగం కోసం చదివేది ఈ లెక్కలోకి రాదు, అది వేరే.

నీ వారం ఎలా ఉంటుందో ఇప్పుడే చూసుకో. ఆదివారం ఆరాధన, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో రెండు గృహకూడికలు, స్త్రీల సమాజం. అంటే వారానికి అయిదారు వర్తమానాలు. అన్నీ కొత్తగా తయారుచేయడం ఎవరివల్లా కాదు. చేయబోయినవాడు చివరికి ఒక్కటీ సరిగ్గా చేయడు. అందుకని ఒకే పుస్తకం పట్టుకో. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకుంటే నాలుగే అధ్యాయాలు, మూడు నెలలకు సరిపోతుంది. ఆదివారం భాగాన్నే బుధవారం ప్రశ్నలతో చర్చించు. అందులోని ఒక ప్రార్థననో ఒక హెచ్చరికనో శుక్రవారం తీసుకో. ఒక భాగాన్ని లోతుగా దున్నితే వారమంతా పెట్టడానికి ఉంటుంది.

సోమవారం విశ్రాంతి. మంగళవారం తెల్లవారుజామున ఫోను పక్కగదిలో పెట్టి, ఆ భాగాన్ని పాత అనువాదంలో గొంతెత్తి అయిదుసార్లు చదువు. తర్వాత సమకాలీన అనువాదంలో ఒకసారి. తేడా కనిపించినచోట పెన్సిల్‌తో గీత పెట్టు. బుధవారం నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయి: ఎవరు చెబుతున్నారు, ఎవరికి, ఏ పరిస్థితిలో, ముందూ వెనకా ఏముంది. వ్యాఖ్యానం తెరవడం గురువారమే. ముందే తెరిస్తే నీ కళ్ళు పనిచేయడం మానేస్తాయి. శుక్రవారం ఒకే ఒక వాక్యం రాయి, ఈ భాగం మన సంఘానికి ఏం చెబుతోందో. ఆ వాక్యం కుదరకపోతే ప్రసంగం ఇంకా కుదరలేదని అర్థం. శనివారం మధ్యాహ్నానికి నోట్సు ముగించి, రాత్రి పదికల్లా పడుకో. ముప్ఫై నిమిషాల ప్రసంగానికి ఎనిమిది గంటలు తక్కువ కాదు.

వేరేవాళ్ళ సందేశాలు వినొద్దని అనను. నీ నోట్సు పూర్తయ్యాక విను. ముందే వింటే వాళ్ళ ఉదాహరణలే కాదు, వాళ్ళ దగ్గు కూడా నీకొస్తుంది. పైగా అదే సందేశం నీ సంఘంలోని అక్క కలుపు తీస్తూ ఫోన్‌లో వినేసి ఉంటుంది.

ఇక అసలు చెప్పదలచుకున్నది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన వస్తుంది. అందరికీ వాగ్దాన కార్డులు ఇవ్వాలంటారు. ఏ వచనం వేయించాలని సంఘ పెద్దలు అడుగుతారు. నూటికి తొంభైమంది చెప్పేది యిర్మీయా ప్రవక్త పుస్తకం 29:11. మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, రాబోయే కాలంలో మీకు నిరీక్షణ ఉంటుంది అనే మాట. రంగురంగుల పూలతో కార్డు అచ్చవుతుంది. పాస్టరు నిలబడి, ఈ ఏడాది మీకు ఉద్యోగం, మీకు ఇల్లు, మీకు సంతానం అని ప్రకటిస్తాడు. ఇది మన సంఘాల్లో పాతుకుపోయిన పొరపాటు. పొరపాటని అనిపించదు, అందుకే ఇంతకాలం నిలిచింది.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ పెద్దలనూ పనివాళ్ళనూ చెరపట్టి బబులోనుకు తీసుకుపోయాడు. వాళ్ళకు యిర్మీయా రాసి, ఎల్యాశా, గెమర్యాల చేతికిచ్చి పంపిన ఉత్తరం అది. అయిదో వచనం నుంచి చదువు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి. అంటే ఇప్పుడప్పుడే తిరిగి రావడం లేదని. పదో వచనం ఆ లెక్క తేల్చి చెబుతుంది: డెబ్బై ఏళ్ళు గడిచాకే. పదకొండో వచనం ఆ తర్వాత వస్తుంది. ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్ళ మనిషి తిరిగిరాడు. అక్కడే పాతిపెడతారు. వాగ్దానం నిజమే, కాని అది అతని పిల్లల చేతుల్లో, మనవల చేతుల్లో నెరవేరుతుంది.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళు. 28లో గిబియోనువాడైన హనన్యా ఉన్నాడు. చెరపోయినవాళ్ళు, దేవాలయపు పాత్రలు, అంతా రెండేళ్ళలో తిరిగొచ్చేస్తుందని దేవాలయంలో యాజకుల ముందు, ప్రజల ముందు చెప్పాడు. బబులోనుకు లొంగి ఉండాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచేశాడు. జనానికి అది ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించు! యిర్మీయా మాత్రం కసరలేదు. "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అన్నాడు. అతనికీ అదే కావాలి. కాని దేవుడు చెప్పింది అది కాదు. హనన్యా ఆ ఏడాదే, ఏడో నెలలో చనిపోయాడు. పదో వచనం వదిలేసి పదకొండో వచనం ప్రకటించేవాడు యిర్మీయా పుస్తకం చేతిలో పట్టుకుని హనన్యా ప్రసంగం చేస్తున్నట్టే. ఇది నీకు కటువుగా అనిపించినా సరే, గుర్తుపెట్టుకో.

దానివల్ల ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. కార్డు తీసుకున్న తల్లి దాన్ని గోడకు అంటిస్తుంది. ఆగస్టు వచ్చేసరికి కొడుక్కి ఉద్యోగం రాలేదు, మిరప తెగులుకు పోయింది, అప్పు రెట్టింపైంది. ఆమె నిన్ను నిలదీయదు. దేవుడు మాట తప్పాడనుకుంటుంది, లేదంటే తన విశ్వాసం చాలలేదని కుమిలిపోతుంది. రెండోది మరీ ఘోరం. మెల్లగా ఆరాధనకు రావడం మానేస్తుంది. ఎందుకు మానేసిందో నీకు ఎవరూ చెప్పరు.

ఆ వచనం చెప్పొద్దని కాదు బాబూ. మొత్తం ఉత్తరం చెప్పు. మీ ఊళ్ళో గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళున్నారు, హైదరాబాదులో అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నవాళ్ళున్నారు. తమది కాని ఊళ్ళో ఇల్లు కట్టుకుని, ఆ ఊరి మంచి కోరుతూ బతకమన్న మాట వాళ్ళకంటే బాగా ఎవరికి అర్థమవుతుంది? పిల్లల చదువు కోసం నడుం విరగ్గొట్టుకుంటున్న తండ్రికి, నీ కళ్ళతో చూడకపోయినా దేవుని ఉద్దేశం ఆగదని చెప్పు. అలా చెప్పిన వచనం ఆగస్టులోనూ నిలబడుతుంది.

కొత్తగా చదువుకోవలసినవి బైబిలు బయట కూడా ఉన్నాయి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఒక ప్రతి తెచ్చుకో. మన బాప్తిస్టు సంఘాల పాస్టరు పెళ్ళి చేయాలంటే ఆ చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే శిక్ష పదేళ్ళ దాకా ఉంది. ముందుగా రాతపూర్వకంగా నోటీసు తీసుకోవాలి. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరపాలి. వధువుకు 18, వరుడికి 21 నిండాయని కాగితం చూసి నమ్ము, మాట విని కాదు. లైసెన్సు వచ్చేదాకా పెళ్ళిళ్ళకు లైసెన్సున్న పెద్ద పాస్టరుగారిని పిలువు. ఇందులో నామోషీ లేదు.

రోగుల కోసం ప్రార్థన చేయి, మందులు మానమని మాత్రం ఎప్పుడూ అనకు. నీ మాటకు వాళ్ళు ప్రాణం పెడతారు. సాధారణ టీబీకి కనీసం ఆరు నెలలు మందు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపేస్తే అది మందుకు లొంగని టీబీగా మారవచ్చు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వరసగా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే ప్రార్థించి పంపేయకు. వాళ్ళను ఒంటరిగా వదలకుండా పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించు.

మనవాళ్ళకు ఇలా ఎడతెగక నేర్చుకోవడం కొత్తేమీ కాదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని నీకు తెలుసు. అందరూ ఆ అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ తర్వాతి పని ఎవరూ చెప్పరు. ఆ పల్లెల బోధకులు రామాయపట్నం సెమినరీలో చదివారు. పని మొదలయ్యాక కూడా మూడు నెలలకోసారి నడిచి ఒంగోలు చేరి, అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గర కూర్చుని నేర్చుకుని వెళ్ళేవారు. చెప్పుల్లేని కాళ్ళతో అంతదూరం నడిచినవాళ్ళు చదివారు. నువ్వు చేతిలో బండి ఉండి, నెలకోసారి పక్క మండలం పాస్టర్లతో కలిసి ఒక అధ్యాయం చదవలేవా? నలుగురు చాలు. రాజకీయాలు, సొసైటీ గొడవలు మాట్లాడకుండా రెండు గంటలు వాక్యమే చదవండి.

పౌలు చెరసాలలో, మరణం దగ్గరకొచ్చిందని తెలిసి కూడా, తిమోతికి రాసిన రెండో పత్రిక చివర తన అంగీతో పాటు పుస్తకాలు, చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. నీ జీతం తక్కువని నాకు తెలుసు. ఏడాదికి ఒక్క మంచి వ్యాఖ్యానం కొను, డబ్బు నేను పంపుతాను. ముందు యిర్మీయా కాదు, మార్కు సువార్త మీద కొను. కొత్త సంఘానికి యేసు ప్రభువును మొదటినుంచి చెప్పు.

వేళకు తిను. పల్లెలో ప్రతి ఇంట్లో టీ ఇస్తారు, అన్నీ తాగితే కడుపు పాడవుతుంది. జూన్ నెల ఆదివారాల నోట్సు ఫొటోలు తీసి నాకు వాట్సప్ చేయి. వచనాల ముందూ వెనకా చూశావో లేదో నేను చూస్తాను. తప్పుంటే తిడతాను, ఏమీ అనుకోకు.

నీ పెదనాన్న